కణాలు మారుతున్నాయన్నారు

సేవ్లికి కోపం మొదలై ఏడాది కావస్తోంది. అంతకు ముందు ఆమెను కోపగొండి అన్నవాళ్లు పోచారం వెనక తండాలో ఒక్కరూ లేరు. మొగుడు పూల్‌సింగ్ తాగొచ్చిన రోజు కూడా ఇంత అన్నం పెట్టి పక్కకు జరిగే మనిషి. ఇప్పుడు ఆమె బోరింగు దగ్గరికి వస్తోందంటే అక్కడ కూర్చున్న మగవాళ్లు మాట మారుస్తారు.

"మా వదిన కరెంటు తీగ లెక్క అయింది. ముట్టుకుంటే కొడ్తది" అంటాడు మరిది భీమ్‌సింగ్. నవ్వుతూనే అంటాడు గాని, కొంచెం దూరంగా నిలబడి అంటాడు.

నిరుడు మేకలకు నీళ్ల బకెట్ ఎత్తబోతే ఆమె మణికట్టు విరిగింది. నలభై కూడా నిండలేదు. కామారెడ్డిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంత చిన్నదానికి విరగకూడదే అన్నాడు. నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగాడు. ఇరవై మూడేళ్లకే గర్భసంచి తీశారని చెబితే ఒకసారి తల పైకెత్తి చూసి, స్కానింగ్ రాసిచ్చాడు. స్కానింగ్ గదిలో ఉన్న అమ్మాయి సేవ్లి పొట్ట మీద యంత్రం అటూ ఇటూ జరిపి అడిగింది.

"అండాశయాలు కూడా తీయించుకున్నరా అమ్మా?"

"లేదు బిడ్డా. సంచి ఒక్కటే."

"రెండు పక్కల ఏం లేవమ్మా" అని, పొట్ట తుడుచుకోమని కాగితం చేతికిచ్చి, బయట ఉన్న ఇంకొకరిని పిలిచింది.

ఇరవై మూడేళ్లప్పుడు ఎల్లారెడ్డిలో ఒక నర్సింగ్ హోం డాక్టరు ఆమె కడుపు కోశాడు. తెల్లబట్ట అవుతోందని పోతే, సంచికి పుండైంది, తీసేయకపోతే ప్రాణానికే ముప్పు అన్నాడు. నమ్మింది. ఆపరేషన్ అయి కుట్లు మానాక, ప్రాణం కాపాడాడని ఒక కోడిపుంజును, పెసర్ల మూటను తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కింది. ఆ మరుసటి ఏడు చలికాలంలో తండా అంతా నెగడు చుట్టూ కూర్చుంటే సేవ్లి ఒక్కతే కొంగు తడిపి మెడకు చుట్టుకుని బయట తిరిగేది. ఒళ్లంతా నిప్పు పోసినట్టు వేడి. అత్త మజ్జిగ పోసింది, మేరామా యాడి అమ్మవారికి మేకను మొక్కింది. పడక మీద ఏమీ పట్టనట్టు పడుకుంటోందని పూల్‌సింగ్ అలిగాడు. గుండె దడ వస్తే గాలి సోకిందన్నారు. అన్నింటికీ కారణం ఒక్కటే. సంచితో పాటు రెండు అండాశయాలనూ ఆ డాక్టరు తన చేత్తో కోసి తీశాడు, ఆమెకు చెప్పలేదు.

ఆ సంగతి తెలిసిన రోజు కామారెడ్డి నుంచి వచ్చి చీకటి పడ్డాక బస్సు దిగింది. ఇంటికొచ్చి పూల్‌సింగ్‌ను అడిగింది.

"ఆనాడు సంతకం నువ్వే కదా పెట్టినవ్. ఏమేం తీస్తమని చెప్పిండు?"

"ఏమో. పెట్టుమంటే పెట్టిన."

"మేకను అమ్మేటప్పుడు పండ్లు చూసి, పొదుగు చూసి, కాళ్లు చూసి అమ్ముతవ్. నన్ను పండబెడ్తుంటే అడగాలనిపించలేదా?"

పూల్‌సింగ్ తువ్వాల భుజాన వేసుకుని మేకల దగ్గరికి పోయాడు. అప్పటి నుంచి సేవ్లి కోపం తగ్గలేదు.

తండాలో సంచి తీయించుకున్నది ఆమె ఒక్కతే కాదు. దీపావళి దాటగానే ఇక్కడి జంటలు చెరుకు కొట్టడానికి సరిహద్దులోని డోంగ్లి మీదుగా మహారాష్ట్రకు పోతాయి. కూలీలను కుదిర్చి తీసుకుపోయే ముకద్దం మనుషులను లెక్కపెట్టడు, జోడీలను లెక్కపెడతాడు. జోడీ అంటే మొగుడూ పెళ్లాం. మొగుడు చెరుకు కొడతాడు. పెళ్లాం ఆకు దూసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని లారీ దాకా మోస్తుంది. ఇద్దరిలో ఎవరు పడుకున్నా ఆ రోజు జోడీ పనికి రాలేదని నాగా రాస్తారు, నాగాకు జుర్మానా కట్టాలి. అక్కడ స్నానాలకు గోడ ఉండదు, బట్ట ఉతుక్కోవడానికి నీళ్లుండవు. నెలనెలా ఆ రోజులు చెరుకు వరసల మధ్య గడవాలి. అందుకని ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. దసరా అయిపోగానే కత్తులు నూరించుకున్నట్టు, గుడిసె మీద కప్పే తాటిపత్రి కొనుక్కున్నట్టు, సంచి తీయించుకోవడం కూడా పయనం పనుల్లో ఒకటైపోయింది. ఇద్దరు పిల్లలయ్యాక ఆ సంచి ఖాళీ బస్తా లాంటిదని, ఉంటే చెడిపోవడం తప్ప దానికి వేరే పని లేదని తండాలో అందరూ నమ్ముతారు. ఆ నమ్మకం తండాలో పుట్టింది కాదు. తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెప్పిందే.

మణికట్టు విరిగినప్పటి నుంచి సేవ్లి, పూల్‌సింగ్ చెరుకుకు పోవడం లేదు. ఈ ఏడు దసరా తర్వాత భీమ్‌సింగ్ భార్య మాలతి వంతు వచ్చింది. ఆమె వయసు ఇరవై ఆరు. సేవ్లికి యారాలే అయినా, చేతుల మీద పెంచిన చెల్లెలి లెక్క. నడుం నొప్పి, తెల్లబట్ట, నెలసరిలో ఎక్కువ పోవడం. ముకద్దం హరిచంద్ తన ఆటోలోనే నర్సింగ్ హోంకు తీసుకుపోతానన్నాడు. అదే నర్సింగ్ హోం, అదే డాక్టరు. జుట్టుకు మాత్రం రంగు పడింది. సేవ్లి పిలవకుండానే ఆటో ఎక్కి మాలతి పక్కన కూర్చుంది.

డాక్టరు స్కానింగ్ తెరను వాళ్ల వైపు తిప్పాడు.

"గోడ మందమైంది చూడు. లోపల కణాలు మారుతున్నయి. ఇట్లనే వదిలేస్తే క్యాన్సరే. ఇద్దరు పిల్లలున్నరు కదా, ఇంకా దానితోని ఏం పని?"

మాలతి సేవ్లి కొంగు పట్టుకుంది. సేవ్లి తెర వైపు చూసింది. బూడిద రంగులో మబ్బు లాంటిది కదులుతోంది.

"కణాలంటే ఏంది సారు?"

"చెప్పినా నీకు తెల్వదు."

"మారుతున్నయని మీకెట్ల తెల్సింది? గీ తెర మీద కనవడ్తున్నయా?"

"కనపడ్తయి. మాకు కనపడ్తయి." డాక్టరు కలం మూత పెట్టాడు. "ఎవరమ్మా ఈమె? మొగుణ్ని పిలువున్రి, ఆయనతోని మాట్లాడుతా."

భీమ్‌సింగ్ లోపలికి పోయి వచ్చాడు. వచ్చేసరికి అతని మొహం పాలిపోయింది. వచ్చే వారం ఆపరేషన్ అన్నాడు. హరిచంద్ ఆటో తిప్పుతూ, మంచి డాక్టరు కాబట్టి ముందే పట్టుకున్నాడన్నాడు.

మరునాడు సేవ్లి మాలతిని ఆర్టీసీ బస్సులో కామారెడ్డికి తీసుకుపోయింది. ఆధార్ చూపిస్తే కండక్టరు ఇద్దరికీ జీరో టికెట్ కొట్టాడు. బస్సు లింగంపేట దాటేదాకా మాలతి ఏడుస్తూనే ఉంది.

"చచ్చిపోతనా అక్కా?"

"ఎవరు చెప్పిన్రు?"

"క్యాన్సర్ అన్నడు కదా."

"ఆయన నాకు పుండన్నడు. ఏడ్చేదుంటే ఇంకా చాన ఉంది, ఇప్పుడే మొత్తం ఏడ్వకు."

కామారెడ్డిలో ఒక లేడీ డాక్టరు మాలతిని పరీక్ష చేసి, ఇది ఇన్ఫెక్షన్, మాత్రలతో పోతుంది, మీ ఆయన కూడా వేసుకోవాలి అంది. సేవ్లి లేవలేదు.

"మీరు చెప్పినా ఇంటోళ్లు నమ్మరు మేడం. వాళ్ల చెవుల క్యాన్సర్ అన్న మాట పడ్డది. లోపలి ముక్క తీసి చూస్తరంట కదా. చూడున్రి."

ఈ వయసులో ఆ అవసరం ఉండదని డాక్టరు చెప్పి చూసింది. చివరికి గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబుకు పంపింది. ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. మాత్రలు పట్టుకుని ఇద్దరూ తిరిగొచ్చారు. భీమ్‌సింగ్ తన వంతు మాత్రలు దూలం మీద పెట్టాడు. రోగం ఆడదానికైతే మగవాడు మందు మింగడమేమిటని అతని అనుమానం.

ఫలితం చెప్పే రోజు సేవ్లి ఒక్కతే కామారెడ్డికి పోయింది. ల్యాబు ముందు గదిలో కూర్చున్న అతను రిపోర్టు ఇంకా టైపు కాలేదు, సాయంత్రం రమ్మన్నాడు. ఆమె బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానంది. కొంచెం సేపటికి లోపల నుంచి డాక్టర్ పద్మప్రియ బయటికి వచ్చింది. సూక్ష్మదర్శినిలో ముక్కలు చూసి రోగం చెప్పే డాక్టరు ఆమె. ఆమె సేవ్లిని చూసి, రిపోర్టు ఎవరి పేరు మీదో అడిగి, లోపలికి రమ్మంది.

"మాలతి నీకేమైతది?"

"యారాలు. చెప్పున్రి మేడం, ఏమున్నా చెప్పున్రి."

"ఏం లేదు. మంచిగుంది."

"కణాలు మారుతున్నయన్నడు."

పద్మప్రియ కుర్చీలో వెనక్కి వాలింది. "ఎట్ల చూసిండట?"

"స్కానింగ్‌ల."

"స్కానింగ్‌లో కణాలు కనపడవు. గోడ మందం కనపడుతది. నెలసరి రాబోయే ముందు వారంలో చూస్తే ఎవరిదైనా మందమే. నాదైనా."

ఆమె అద్దపు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పక్కనున్న తెర మీద చూపించింది. గులాబీ, ఊదా రంగుల్లో మెలికలు తిరిగిన గొట్టాలు, వాటి చుట్టూ చుక్కలు చుక్కలుగా ఏదో. సేవ్లి వంగి చూసింది. పద్మప్రియ వేలు పెట్టి చూపించింది. ఈ గొట్టాల గోడకు వరసగా ఉన్నవి ఒక రకం కణాలు, పిండం వస్తే దానికి తిండి పెట్టే ఊట వీటిదే. మధ్యన నింపినట్టున్నవి ఇంకో రకం, పిండం నాటుకుంటే పరుపు అయ్యేవి ఇవి. ఇదిగో ఈ చిన్నవి కాపలా కణాలు, ఇవి రక్తనాళాలవి. బయటి గోడ కండరం వేరే. అండం వచ్చే గొట్టంలో అయితే సన్నటి నూగు ఉన్న కణాలుంటాయి, అవి అండాన్ని ముందుకు నూకుతాయి.

"ఇన్ని రకాలా?"

"ఇంకా ఉన్నయి. అన్నిట్ల లోపల ఉండే రాత ఒక్కటే. నీ కంట్లో కణానికీ, కాలి గోటి దగ్గరి కణానికీ అదే రాత. ఏ కణం అందులో ఏ ముక్క వాడుకుంటది అన్నదాన్ని బట్టి దాని పని." పద్మప్రియ ఆగి ఆలోచించింది. "మీ దగ్గర త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు మోటార్లు నడుస్తయి కదా. సింగిల్ ఫేజ్ ఉంటే ఇండ్లల్ల కరెంటు బుగ్గలే వెలుగుతయి. తీగ అదే, స్తంభం అదే. అట్ల నెల మొదటి సగంలో అండాశయం నుంచి ఒక హార్మోన్ వస్తది. అప్పుడు ఆ రాతల కొన్ని ముక్కలు, అంటే జన్యువులు, పని మొదలుపెడ్తయి, గోడ పెరుగుతది. రెండో సగంలో ఇంకోటి వస్తది. అవి ఆగి వేరేవి మొదలైతయి, కణాల రూపమే మారిపోతది. పిండం రాకపోతే ఆ పై పొర మొత్తం రాలిపోయి మళ్లీ మొలుస్తది, మచ్చ కూడా పడకుండ. ఒంట్లో ఇంకెక్కడ ఇంత కోత కోస్తే మచ్చ పడకుండ మానదు."

"అంటే నెలనెలా మారుతయి."

"మారాలె. మారకుంటేనే ఏదో తేడా అని మేం చూస్తం. క్యాన్సర్‌లో కూడా మారుతయి గాని అది వేరే. చెప్పినట్టు వినకుండ, వరస తప్పి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి. ఇక్కడ అదేం లేదు."

సేవ్లి తెర మీంచి కళ్లు తీయలేదు.

"అబద్ధం కూడా చెప్పలేదు వాడు" అంది చివరికి. "మారుతున్నయన్నడు. మారుతున్నయ్. తెల్లారుతుంటే ఎర్రమబ్బు చూపిచ్చి, కొంప కాలుతున్నదని చెప్పినట్టు."

పద్మప్రియ కూడా కోపంగానే ఉంది. ఆమె కోపం గొంతు పెంచేది కాదు. పలకలు పెట్టే చెక్కపెట్టెను టేబుల్ మీద పక్కకు నెట్టింది. తన దగ్గరికి తీసేసిన గర్భసంచులు వచ్చేదే తక్కువ, వచ్చినవాటిలో చాలా మటుకు మంచివే అంది. హైదరాబాదులో తన స్నేహితురాలు ఆడవాళ్ల అవయవాల్లో ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు పని చేస్తుందో పటం గీసే పనిలో ఉంది. రోగం ఉన్న ముక్కలు దొరుకుతాయి గాని, చిన్న వయసు వాళ్లవి, ఏ రోగం లేనివి దొరకక వాళ్లు నెలల తరబడి ఎదురుచూస్తారని చెప్పింది.

"నా దగ్గర ఎదురుచూసే పని లేదు" అంది పద్మప్రియ. "అడిగినప్పుడల్లా పంపుతా."

సేవ్లి తల తిప్పి చూసింది. "వాళ్లనడిగి పంపుతరా?"

"సంతకం ఉంటది."

"నా కాగితం మీద కూడా సంతకం ఉండె. అండాశయాలు తీసిన్రని నాకు నిరుడు తెల్సింది."

పద్మప్రియ అద్దపు పలకను సూక్ష్మదర్శిని కింద నుంచి తీసింది. అప్పుడే సేవ్లి ఫోను మోగింది. పూల్‌సింగ్.

"వాళ్లు పోయిన్రే."

"ఎవలు, ఏడికి?"

"భీమ్‌సింగ్, మాలతి. హరిచంద్ ఆటో తెచ్చిండు. చెరుకుకు పోయే లారీ ముందే వస్తదంట, కుట్లు మానాలంటే ఆపరేషన్ ఇయ్యాలనే కావాలంట."

"మరి నువ్వేం చేస్తున్నవ్?"

"నేనా? మేకలకు నీళ్లు పెడ్తున్న."

"మేకలు చావయి. ఎల్లారెడ్డికి పో. నేనొచ్చేదాంక ఆ తలుపు కాడ అడ్డం కూసో."

పద్మప్రియ నర్సింగ్ హోంకు ఫోన్ చేసింది. రిపోర్టులో ఏమీ లేదని చెప్పింది. అటు వైపు గొంతు చాలా మర్యాదగా ఉంది. పేషెంటుకు బాధ ఉంది మేడం, ఫ్యామిలీ అడుగుతోంది, మీ రిపోర్టు మీరు పంపండి, ఫైల్లో పెడతాం అంది. ఫోన్ పెట్టేశాక పద్మప్రియ టైపు చేసే అతని దగ్గరికి తానే వెళ్లి, రిపోర్టు తీయించి, కింద సంతకం చేసి సేవ్లి చేతికిచ్చింది.

ఎల్లారెడ్డి బస్సు మెల్లగా నడిచింది. రోడ్డు పొడవునా వడ్లు ఆరబోశారు. డ్రైవరు ప్రతి కుప్ప దగ్గరా వేగం తగ్గించాడు. సేవ్లి నిలబడే వచ్చింది, సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

నర్సింగ్ హోం వరండాలో పూల్‌సింగ్ నిజంగానే తలుపుకు అడ్డంగా గొంతుక్కూర్చున్నాడు. నర్సులు అతన్ని దాటుకుంటూ పోతున్నారు. మాలతి పక్క గదిలో ఆకుపచ్చ గౌను తొడుక్కుని, చేతికి సెలైన్ సూదితో మంచం మీద ఉంది. ఆమె కంటే ముందు వంతు ఆ తండాదే ఉమాదేవి అనే అమ్మాయిది. అది అప్పుడే అయిపోయింది. నర్సు స్టీలు ట్రే పట్టుకొచ్చి ఉమాదేవి మొగుడి ముందు వంచింది. తీసింది ఇంటివాళ్లకు చూపించడం అక్కడి పద్ధతి.

"చూసుకున్రి. ఎట్ల పాడైందో."

అతను చూశాడు. ఎర్రగా, పిడికిలంత, నున్నగా ఉంది. అతను తల ఊపాడు. పక్కనున్న మగవాళ్లూ తలలూపారు. దసరాకు మేకను కోసి ప్రతి పేగూ పేరుపెట్టి పంచుకునే మనుషులు, అక్కడ నిలబడి, అవును పాడైంది అన్నారు.

"ఏడ పాడైంది?" అంది సేవ్లి. "వేలు పెట్టి చూపియ్యు."

"ఎర్రగుంది కదా అక్కా."

"నీ నాలుక ఏ రంగుంటది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సు ట్రే మీద గుడ్డ కప్పి లోపలికి తీసుకుపోయింది. ఉమాదేవికి మాత్రం ఆ నవ్వు వల్ల ఒరిగిందేమీ లేదు.

గొడవ విని డాక్టరు బయటికి వచ్చాడు. సేవ్లి రిపోర్టు ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని పైనుంచి కిందికి చూసి మడిచాడు.

"ఇది ఒక్క ముక్క. మిగతా సంచిల ఏముందో దీంట్ల ఉండదు. నేను ముప్పై ఏండ్ల నుంచి చేస్తున్న."

"తెల్సు సారు. నాది కూడా మీరే చేసిన్రు. కోడిపుంజును తెచ్చిచ్చిన, యాదికుందా?"

ఆయనకు గుర్తు లేదు. గుర్తు లేనట్టు ఆయన మొహంలోనే తెలుస్తోంది.

"కణాలు నెలనెలా మారుతయంట సారు. మారకుంటేనే రోగమంట. మీ ఇంట్ల మేడంకు మారవా? మరి ఆమెదెందుకు తీయలే?"

డాక్టరు ఆమెతో మాట్లాడడం మానేసి భీమ్‌సింగ్ వైపు తిరిగాడు. "చూడు, చేయించుకుంటవా, పట్కపోతవా? రేపు క్యాన్సర్ అయితే మళ్లా నా దగ్గరికి రావద్దు."

భీమ్‌సింగ్ హరిచంద్ వైపు చూశాడు. హరిచంద్ బీడీ పారేసి వచ్చాడు. "నాకు కణాలు గిణాలు తెల్వదు వదినా. జోడీ నాగా లేకుండ రావాలె. బయానా పైసలు ముందే తీసుకున్నరు. నెల నెలా పండుకునేటట్టయితే ముందే చెప్పాలె."

ఆ మాట విన్నాక సేవ్లి మాలతి గదిలోకి పోయింది. భీమ్‌సింగ్ వెనకే వచ్చాడు. రిపోర్టులో ఏముందో సేవ్లి చెప్పింది, క్యాన్సర్ లేదంది. లే, చీర కట్టుకో అంది. మాలతి లేవలేదు.

"లేదని నాకు ముందే అనిపించింది అక్కా" అంది గోడ వైపు చూస్తూ.

"మరి గిట్లెందుకు పండుకున్నవ్?"

"నిరుడు చెరుకుల నాకెట్ల గడిచిందో నీకు తెల్వదు. మోపు నెత్తి మీద ఉన్నప్పుడు కాళ్ల పొంటి కారింది. వెనక వచ్చేటోళ్లు చూసిన్రు. బట్ట ఉతుకుతందుకు నీళ్లు లేక గదే ఎండబెట్టి గదే పెట్టుకున్న. గీ రోగం గట్లనే వచ్చిందేమో. సంచి తీస్తే గీ లొల్లి ఉండదు. నువ్వు కణాలు మంచిగున్నయంటున్నవ్. మంచిగుంటే చెరుకు తోటల నీళ్లు వస్తయా?"

ఏడాదిగా అందరి మీదా అరిచిన సేవ్లికి అప్పుడు అరవడానికి ఎవరూ కనిపించలేదు. మంచం చివర కూర్చుంది. తన ఒంట్లో ఆ రెండు అండాశయాలు లేకుండా పోయాక ఏమైందో, అంతవరకు ఆడవాళ్లతో కూడా అననివన్నీ మాలతికి చెప్పింది. చలికాలపు వేడి, పండుకుంటే ఎండిన కట్టెలా ఒళ్లు, విరిగిన మణికట్టు. భీమ్‌సింగ్ అక్కడే ఉన్నాడని కూడా చూసుకోలేదు.

"నీకు ఇరవై ఆరు. నీళ్లు లేవని చెయ్యి కోసుకుంటరా ఎవలన్నా? పోకు, అంతే. చెరుకుకు పోకు."

"పోకుంటే ఎట్ల? జోడీ కావాలె కదా."

సేవ్లి లేచి వరండాలోకి వచ్చింది. పూల్‌సింగ్ ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు.

"హరిచంద్, జోడీ రెడీగుంది. భీమ్‌సింగ్ కొడ్తడు. ఈయన మోపు కట్టి మోస్తడు."

హరిచంద్ పూల్‌సింగ్‌ను చూసి నవ్వాడు. "మొగోడు మోపు కడ్తడా? లారీ కాడ జనం నవ్వుతరు. గుడిసెల రొట్టెలెవలు చేస్తరు?"

"ఆకలైతే చేసుకుంటరు. నీకు కావాల్సింది నాగా లేని జోడీనే కదా. వీళ్లిద్దరికి నెలసరి రాదు. ఇంకేం కావాలె నీకు?"

ఈసారి వరండాలో ఆడవాళ్లు నవ్వారు. ట్రే చూసి తల ఊపిన మగవాళ్లు నవ్వలేదు. పూల్‌సింగ్ లేచి నిలబడ్డాడు.

"నేను మోపు కట్టుడేందే? నాకు రాదు."

"నాకు పుట్టుకతోని వచ్చిందా?"

"నడుము పోతది."

"నాది పోయింది. ఇంకా బతికే ఉన్న కదా."

భీమ్‌సింగ్ గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వదిన చెప్పినవన్నీ విన్న మొహం అది. అతను హరిచంద్ వైపు చూడకుండా నర్సుతో అన్నాడు, "ఆ సూది తీయున్రి."

సంతకం పెట్టిన కాగితం అడిగితే ఇవ్వలేదు. గదికి, సెలైన్‌కు కట్టాల్సింది కట్టమన్నారు. కట్టి బయటపడ్డారు. హరిచంద్ తన ఆటోలో ఎక్కించుకోలేదు. షేరింగ్ ఆటోలో నలుగురూ ఇరుక్కుని తండాకు వచ్చారు. దారి పొడవునా పూల్‌సింగ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, అక్కడ మోపు కింది చుట్టబట్ట ఎట్లా నిలుస్తుందో అంచనా వేస్తున్నట్టు కూర్చున్నాడు.

దీపావళి దాటాక లారీ వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఎక్కుతుంటే తండా మగపిల్లలు ఈలలు వేశారు. "పెండ్లామెవలు, మొగుడెవలు" అని హరిచంద్ అందరూ వినేలా అడిగాడు. ఉమాదేవి కూడా ఎక్కింది. పొట్టకు బెల్టు, మెట్టు ఎక్కేటప్పుడు మొగుడి భుజం పట్టుకుంది. ఆమె సామాన్ల మూటను సేవ్లి అందుకుని పైకి అందించింది. బరువులు మోయొద్దని అంది. మోయకపోతే ఎందుకు తీసుకుపోతున్నారని ఉమాదేవి తిరిగి అడిగింది. ఆ ఏడు ఆ తండా నుంచి లారీ ఎక్కిన ఆడవాళ్లలో ఇంకా ఎందరి సంచులు ఆ నర్సింగ్ హోంలో ఉండిపోయాయో సేవ్లికి తెలుసు. నర్సింగ్ హోం ముందు ఆటోలు ఆగుతూనే ఉన్నాయి.

మాలతి, సేవ్లి ఇక్కడే కూలికి పోతున్నారు. పొలాల్లో ముళ్లకంప ఏరడం, మిషన్ కోసిన పొలాల్లో మిగిలిన వరి కోయడం. కూలి తక్కువ, కానీ పొలానికి బోరు నీళ్లుంటాయి. మాత్రలు అయిపోయేసరికి మాలతికి తెల్లబట్ట ఆగింది. నడుం నొప్పి పూర్తిగా పోలేదు.

పొలంలో ఉండగా పూల్‌సింగ్ ఫోన్ చేశాడు. లౌడ్ స్పీకర్ పెట్టి సేవ్లి ఫోనును గట్టు మీద ఉంచింది.

"మోపు నిలుస్తలేదే. ఎత్తంగనే జారిపోతున్నది. నిన్న లారీ కాడ మొత్తం పడ్డది, అందరు నవ్విన్రు."

"ఆకు పచ్చిది తీసుకుంటున్నవా, ఎండుదా?"

"ఎండుది."

"పచ్చి ఆకు తీసుకో. రెండు కొసలు మెలేసి, మోకాలు మోపు మీద పెట్టి గుంజి ముడెయ్యి. చేతులతోనే కడ్తే నిలవదు."

"చేతులు తెగుతున్నయే. నెత్తురు కారుతున్నది."

మాలతి కొడవలి ఆపి సేవ్లి మొహం వైపు చూసింది. సేవ్లి వంగి ఇంకో పిడికెడు వరి కోసింది.

"బట్ట కట్టుకో" అంది. "నాగా మాత్రం పెట్టకు."